గతించినవారి ఆస్తి – వకీలుగారి పని

(రజతోత్సవములలో రెండవనాటి సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సందర్భమున నన్ను భాగవతమును గూర్చి ఒక గంట మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బీరువాలనుండి తెచ్చుకొని చదివినదే నా చదువు. పగలు సహకార పరపతి సంఘమున లెక్కలు వ్రాయుట, రాత్రి నిఘంటువును ప్రక్కన బెట్టుకొని పద్యములు చదువుకొనుట నా కలవాటు. కావున భాగవతమునుండి ఒక్క కథ చెప్పి, పిమ్మట మిమ్ము నా లెక్కల పుస్తకములోనికి తీసికొనిపోయెదను. ఉత్సవపువేళ చావు మాట యేల యని వెనుక వరుసవారు కొందఱు అనుకొనుచున్నారు. అనుకొనుడు. మా సంఘపు ఖాతాలలో, యజమాని గతించి పది పండ్రెండేండ్లయినను ఆయన పేరనే అప్పు, ఆయన పేరనే వాటాధనము నిలిచియున్న పుటలు కలవు. మనిషి పోయెను, ఖాతా పోలేదు. ఆ పుటలు త్రిప్పునప్పుడెల్ల ఈ నాలుగు మాటలు ఎక్కడనైన చెప్పవలెనని నాకు తోచుచుండెను.

భాగవత నవమస్కంధమున నాభాగుని కథ కలదు. ఈతడు అంబరీషుని తండ్రి. చిరకాలము గురుకులమున బ్రహ్మచారియై యుండగా, ఇక వీడు తిరిగి రాడనుకొని అన్నలు ఇంట ఆస్తి పంచుకొనిరి. ఈతడు వచ్చి నా భాగమేది యని అడిగెను. తండ్రియే నీ భాగమని అన్నలు చెప్పిరి. తండ్రి నభగుడు వారి మాట నమ్మవలదని చెప్పి, అయినను కుమారునకు బ్రతుకు తెరువు చూపదలచి, అంగిరసులు చేయుచున్న సత్రయాగమునకు పంపెను. వారు తడబడు దినమున ఈతడు రెండు సూక్తములు చెప్పి సాయపడగా, వారు స్వర్గమునకు పోవుచు యాగమున మిగిలిన ధనము ఈతనికిచ్చిరి. తీసికొనబోవునంతలో ఉత్తర దిక్కునుండి నల్లని పురుషుడొకడు వచ్చి ఇది నాదనెను. తగవు ఎవరు తీర్చవలెను? నీ తండ్రినే అడుగుమని ఆ వచ్చినవాడే చెప్పెను. నభగుడు తన కొడుకు లేనివాడు గదా యని చూడలేదు. యజ్ఞమున మిగిలినది రుద్రునిదని ఋషులు పూర్వమే ఏర్పఱచినారని చెప్పెను. కొడుకు ఆ మాటను దాచక వచ్చి విన్నవించెను. వచ్చినవాడు రుద్రుడే, ఆయన సంతోషించి ధనమును అతనికే యిచ్చెను.

ఈ కథను భక్తికొఱకు చదువుదురు. లెక్కలు వ్రాయువాడను గనుక నాకు ఇందు వేఱొకటి కనిపించును. పంపకమునాడు ఊరలేనివాని వాటా పోవుట నేటికిని జరుగుచున్నది. వారసులు పంచుకొనుటకు ముందే, చెల్లవలసినవారికి చెల్లవలె ననుట నేటి చట్టమునను ఉన్నది. అన్నిటికంటె నన్ను పట్టుకొన్నవాడు ఆ నభగుడు. తన కొడుకునకు నష్టమైనను, ఉన్నది ఉన్నట్లు చెప్పినాడు; ఎదుటివాడుకూడ ఆయన మాటనే కోరినాడు. మన ఇండ్లలో ఆ మాట చెప్పవలసిన పెద్దయే గతించి యుండును. ఆయన పీటమీద ఇప్పుడు వకీలుగారు కూర్చుండవలసి వచ్చుచున్నది. కాని వకీలు నభగుడు కాడు. వృత్తిధర్మముచేతనే ఆయన ఒకరి పక్షమున మాటలాడువాడు. ఎవరి పక్షమున? ఈ ప్రశ్నను అడుగకయే మనవారు వకాలతు కాగితముపై చేవ్రాలు చేయుచున్నారు.

మొదట వకీలుతో పనిలేని పనులు చెప్పెదను. ఏలనన, పని లేనిచోట రుసుము చెల్లించి, పని యున్నచోట ఊరకుండువారు మనలో మెండు. మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెను. ఇది ఇంటివారి పని. కుటుంబసభ్యుల ధ్రువపత్రము తహశీలుదారు కార్యాలయమునుండి వచ్చును. మీసేవలో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ పత్రము కుటుంబమున ఎవరెవరు కలరో చెప్పునుగాని, ఎవరి వాటా యెంతయో చెప్పదు. దానిని చేతబట్టుకొని 'నా పేరు మొదట నున్నది, కావున పెద్దవాటా నాది' అని వాదించినవారిని నేను చూచితిని. బ్యాంకునందు నామినీ పేరున్నచో సొమ్ము ఆ నామినీ చేతికి వచ్చును. నామినీ లేనిచోటను, ఒక పరిమితికి లోబడిన మొత్తమును బ్యాంకులు వారసుల హామీపత్రముపై చెల్లించుట కలదు. వీనికి వకీలు వలదు, ఓపిక వలయును.

అయితే నామినీ విషయమున ఒక మాట. బ్యాంకు డిపాజిటునకు నామినీ అనగా సొమ్ము చేత పుచ్చుకొనువాడేగాని దానికి స్వంతదారుడు కాడు. చట్టప్రకారము వారసులెవరో వారికి ఆ సొమ్ము చెందునని 2010 సంవత్సరమున సుప్రీముకోర్టు చెప్పియున్నది. పెద్దకొడుకు పేరు నామినీగా వ్రాసిన తండ్రి, మిగిలిన బిడ్డలను కాదని వ్రాసెననుకొనరాదు. బ్యాంకునకు పోవుటకు కాళ్ళున్నవాని పేరు వ్రాసెను, అంతియే.

ఇక వకీలు కావలసిన పనులు. గతించినవారికి ఇతరులనుండి రావలసిన బాకీలు, డిపాజిట్లు, వాటాపత్రములు పెద్ద మొత్తములై, చెల్లించువారు కోర్టు పత్రము తెమ్మన్నచో, 1925 నాటి భారత వారసత్వ చట్టము క్రింద సివిలు కోర్టునుండి వారసత్వ ధ్రువపత్రము పొందవలెను. ఆ దరఖాస్తులో దగ్గఱి బంధువులందఱి పేర్లు, వారి నివాసములు వ్రాయవలెను; ఒకరిని దాచినచో పత్రమే రద్దుకావచ్చును. ఈ పత్రము బాకీలకు, వాటాపత్రములకేగాని భూమికి కాదు. తెలియక, భూమికొఱకు ఈ పత్రమునకై ఏండ్లు తిరిగినవారు కలరు.

వీలునామా యున్నచో దానిని ముందు వకీలునకు చూపవలెను. దానిపై ఇద్దఱు సాక్షుల చేవ్రాళ్ళు ఉండితీరవలెను. రిజిష్టరు చేయించుట మంచిదేగాని తప్పనిసరి కాదు. రిజిష్టరైనంత మాత్రమున వీలునామా ఋజువైనట్లును కాదు. తగవు వచ్చినచో ఆ సాక్షులలో బ్రతికియున్న వానిని ఒకనినైన కోర్టున పలికింపవలెను. వీలునామా వ్రాయువారు తమకంటె పెద్దవారిని సాక్షులుగా పెట్టుకొనుట మన యూర మర్యాద; చట్టము దృష్టిలో చిన్నవారే మేలు. మదరాసు, బొంబాయి, కలకత్తా నగరములలో వీలునామాకు కోర్టు ప్రొబేటు తీసికొనవలెనను నియమము చిరకాల ముండెను. మన గ్రామసీమలలోని హిందువులకు అది లేకుండెను. ఆ నగరముల మాటలు విని మన రైతును భయపెట్టి ప్రొబేటు ఖర్చు వసూలు చేయజూచినచో, కారణమేమని అడుగుడు.

వారసులలో మైనరు పిల్లలున్నను, విదేశమున నున్నవారున్నను వకీలు తప్పదు. మైనరునకు సొంతముగా వచ్చిన స్థిరాస్తిని తల్లియైనను కోర్టు అనుమతి లేక అమ్మరాదు. విదేశమునుండి కొడుకు పంపిన అధికారపత్రము మన దేశమునకు చేరిన మూడు నెలలలో స్టాంపు వేయింపవలెను. నాభాగుడు గురుకులమున నుండెను. నేటివాడు డల్లాసున నున్నాడు. అన్నల స్వభావము మాఱలేదు గనుక, తిరిగి రాడనుకొనుటయు మాఱలేదు.

సొలిసిటరు అని నవలలలో చదువుదురు. ఇంగ్లండున దస్తావేజులు చూచువాడు సొలిసిటరు, పెద్ద కోర్టున వాదించువాడు బారిష్టరు. మన దేశమున 1961 నాటి అడ్వొకేట్ల చట్టము వృత్తి చేయువారిని ఒక్క తరగతిగానే చేసినది. వీలునామా వ్రాయువాడును, వ్యాజ్యము నడపువాడును మన తాలూకా పట్టణమున ఒక్కరే. ఇది సౌకర్యము, కాని సలహాకొఱకు పోయినవాడు వ్యాజ్యము చేతబట్టుకొని తిరిగి వచ్చుటయు ఇందువలననే కొంత జరుగుచున్నది.

ఇప్పుడు ప్రక్క ఊర జరిగినదొకటి చెప్పెదను. పేర్లు చెప్పను. మూడెకరముల అరువది సెంట్ల రైతు, వీలునామా వ్రాయకయే గతించినాడు. ఇద్దఱు కొడుకులు. కూతురు భర్తతో హైదరాబాదున నున్నది. భార్య కలదు. మా సంఘమున పంట అప్పున్నందున లెక్క తెలిసికొనుటకు కొడుకులు నా యొద్దకు వచ్చి, వకీలుగారి యొద్దకు నన్నుకూడ రమ్మనిరి. పోయితిని. ఆ వకీలుగారు వయసు మళ్ళినవారు. కొడుకులు వ్రాసి తెచ్చిన కాగితమును చదివిరి. అందు 'వారసులు: కుమారు లిద్దఱు' అని యుండెను. ఆయన కలము ప్రక్కన బెట్టి, "చెల్లెలు లేదా?" అనిరి.

"ఉన్నదండి. దాని పెండ్లి ఏనాడో చేసితిమి."

"అమ్మగారు?"

"మాతోనే యున్నారు."

"మీ నాన్నగారి తల్లి?"

అన్నదమ్ములు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. నాయనమ్మ కలదు. ఎనుబదియైదేండ్ల ముసలమ్మ, అరుగుమీద కూర్చుండి యుండును. కన్నకొడుకు ముందుగా పోవుట చూచిన తల్లి. ఆమె పేరు కాగితమున వ్రాయవలెనని ఇంట ఎవరికిని తోచలేదు. వ్రాయుమని ఆమె అడుగనులేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున పురుషుని మొదటి తరగతి వారసులలో కొడుకు, కూతురు, భార్య, తల్లి సమానులు. ముందే గతించిన బిడ్డలున్నచో వారి సంతానమునకును చోటు కలదు. తండ్రి ఆ తరగతిలో లేడు, తల్లి కలదు. (మహమ్మదీయ సోదరులకు వారి ధర్మశాస్త్రము ననుసరించియు, క్రైస్తవులకు 1925 నాటి చట్టము ననుసరించియు లెక్కలు వేఱు. నేను చెప్పునది ఈ కుటుంబపు లెక్క.)

పిమ్మట ఆయన "భూమి ఎట్లు వచ్చినది?" అనిరి. ఈ ప్రశ్నలో ఏమున్నదో అన్నదమ్ములకు తెలియలేదు. నేను చీటిపై లెక్క వేసి చూపితిని. అది మీకును చెప్పెదను. ఏలనన, ఇంతకంటె స్పష్టముగా ఈ విషయమును వేఱెట్లును చెప్పలేను.

భూమి యంతయు ఆయన స్వార్జితమైనచో వారసు లైదుగురు: భార్య, తల్లి, ఇద్దఱు కొడుకులు, కూతురు. 3 ఎకరముల 60 సెంట్లను అయిదు భాగములు చేసినచో తలకు 72 సెంట్లు. అదే భూమి తాతలనాటి ఉమ్మడి ఆస్తి యైనచో, మొదట తండ్రియు, కొడుకు లిద్దఱును, కూతురును పంచుకొన్నట్లు భావింపవలెను. 2005 నాటి సవరణచేత కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమానముగా ఉమ్మడి హక్కుదారు. నాలుగు భాగములు, తలకు 90 సెంట్లు. తండ్రి భాగమైన 90 సెంట్లు మరల అయిదుగురకు, తలకు 18 సెంట్లు. అనగా బిడ్డ లొక్కొక్కరికి 1 ఎకరము 8 సెంట్లు. భార్యకు 18 సెంట్లు, తల్లికి 18 సెంట్లు.

చూచితిరా? ఒకే చేను, ఒకే కుటుంబము. 'స్వార్జితము' అను ఒక్క మాటపై ఇంటి ఇల్లాలి భాగము 72 సెంట్లు. 'పిత్రార్జితము' అన్నచో 18. తల్లికి లాభమైన మాట బిడ్డలకు నష్టము. బిడ్డలకు లాభమైన మాట తల్లికి నష్టము. ఆ యింట తగవు లేదు, ఒకరిపై ఒకరికి కోపము లేదు. అయినను లెక్క వారిని రెండు పక్షములుగా నిలిపినది. ఇట్టిచోట 'మా కుటుంబపు వకీలు' అను మాటకు అర్థము లేదు.

ఆ వకీలుగారు ఆ చీటిని చదివి, "నేను మీ యిద్దఱి వకీలును. ఈ ప్రశ్న తేలువఱకు మీ అమ్మగారికిని నాయనమ్మగారికిని నేను సలహా చెప్పరాదు. వారు వేఱొకరిని అడుగవలెను. మీ చెల్లెలిని పిలిపింపుడు. అంతవఱకు ఈ కాగితముపై నేను ఏమియు వ్రాయను" అనిరి. పెద్దకొడుకునకు కోపము వచ్చినది. ఇంటిగుట్టు ఇద్దఱు వకీళ్ళకు చెప్పుకొనుటయా యని దారిపొడుగున గొణుగుచునే యుండెను. ఆ కోపము సహజమే. కాని రుసుము వదలుకొనుటకైన సిద్ధపడి ఆ మాట చెప్పిన మనిషిని నేను ఇంకను మఱవలేదు.

పెట్టెలోని పాత దస్తావేజులు తీయగా సంగతి తేలినది. రెండెకరములు ఆయన చక్కెర ఫ్యాక్టరీ జీతముతో రిజిష్టరు క్రయముగా కొన్నవి. ఎకరము అరువది సెంట్లు తాతలనాటిది, సోదరులతో చేసికొన్న పంపకమున వచ్చినది. కొన్న రెండెకరములు అయిదుగురకు తలకు 40 సెంట్లు. పాత ఎకరము అరువదిలో నాలుగు భాగములు, తలకు 40. తండ్రి నలువది సెంట్లు మరల అయిదుగురకు తలకు 8. కూడినచో భార్యకు 48 సెంట్లు, తల్లికి 48, బిడ్డ లొక్కొక్కరికి 88. మా సంఘపు అప్పును, పాలేరునకు నిలిచిన రెండునెలల జీతమును ముందు తీర్చిరి. పిమ్మట పంపక దస్తావేజు రిజిష్టరు చేయించుకొని, ఎవరి పేర వారు పాసుపుస్తకములు పొందిరి. కూతురు తన 88 సెంట్లను చిన్నన్నకే కౌలుకిచ్చినది. నాయనమ్మ తన నలువది యెనిమిది సెంట్లు తుదకు ఎవరికి వ్రాయునో యని ఆ యింట ఇప్పుడు ఆమెకు రెండుపూటల వేడి కాఫీ అందుచున్నదట. అది వేఱు కథ.

స్వార్జితము, పిత్రార్జితము అను ఈ భేదము క్రొత్తది కాదు. విజ్ఞానేశ్వరుని మితాక్షర దాని మీదనే నిలిచినది. దానిని మన కేతన తెనుగు పద్యములలో 'విజ్ఞానేశ్వరము'గా వ్రాసి ఏడువందల యేండ్లు దాటినది. కాని పాత పుస్తకము చదివి నేటి లెక్క వేయరాదు. తండ్రినుండి వచ్చినదెల్ల పిత్రార్జితమనుకొందుము. 1956 తరువాత గతించిన తండ్రి స్వార్జితము ఆ చట్టము 8వ సెక్షను క్రింద కొడుకునకు వచ్చినచో, అది ఆ కొడుకు సొంత ఆస్తియే యని 1986లో సుప్రీముకోర్టు చెప్పినది. తండ్రి అప్పు తీర్చుట కొడుకు పుణ్యకార్యమను పాత ధర్మమును పట్టుకొని, 2005 సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పులకు కొడుకును కోర్టు కీడ్చుటకు వీలులేదు. తనకు వచ్చిన ఆస్తిమేరకే అతడు బాధ్యుడు. తండ్రి 2005కు ముందు గతించినను కూతురి పుట్టుక హక్కు పోదని 2020లో తేలినది. అయితే 2004 డిసెంబరు 20కి ముందు సక్రమముగా జరిగిపోయిన పంపకములను అది కదపదు. ఇవి నావంటివాడు పుస్తకము చూచి తీర్పు చెప్పదగిన విషయములు కావు. వకీలు కావలసినది ఇక్కడనే.

అందఱు వకీళ్ళును ఆ వృద్ధునివంటివారు కారు. పెద్దకర్మమునాడు, బంధువులందఱు భోజనమునకు కూర్చుండకముందు, ఆడబిడ్డ ముందొక కాగితము పెట్టుదురు. "పాసుపుస్తకము మాఱుటకొఱకమ్మా, ఇక్కడ సంతకము" అందురు. ప్రక్కన కుటుంబపు వకీలుగారో, ఆయన గుమాస్తాయో కూర్చుండును. అది హక్కు విడుదల దస్తావేజు. మఱుసటి వారము రిజిష్టరు కార్యాలయమునకు తీసికొనిపోయి వేలిముద్ర వేయింతురు; పసుపుకుంకుమల క్రింద చీరయు, కొంత సొమ్మును చేతిలో బెట్టుదురు. ఇష్టపడి అన్నదమ్ములకు ఇచ్చుకొను ఆడబిడ్డను వలదనుటకు మన మెవరము? కాని తాను ఇచ్చుచున్నది 72 సెంట్లో, 88 సెంట్లో, ఎకరము ఎనిమిదో తెలిసి యియ్యవలెను. రిజిష్టరైన విడుదలను కాదనుటకు వ్యాజ్యము వేయవలెను. మోసము తెలిసిన నాటినుండి దానికి మూడేండ్లే గడువు. పాసుపుస్తకములో పేరు మాఱుటకు ఎవరును హక్కు వదలుకొననక్కఱలేదు. పాసుపుస్తకమున పేరు మాఱినంతనే ఎవరి హక్కును పోదు.

'కట్నమిచ్చితిమి గదా' అను మాట తఱచు విందుము. కట్నమిచ్చిన కారణమున వాటా పోదు. పైగా వరకట్నమిచ్చుట 1961 నుండి నేరము. కోర్టున నిలుచుండి ఆ మాట చెప్పువాడు తన నేరమును తానే చెప్పుకొనుచున్నాడు.

ఆ సోదరికి వకీలు నెవరు పెట్టుదురు? డబ్బెక్కడిది? ఇది న్యాయమైన ప్రశ్న. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో పనిలేక ఉచితముగా వకీలును ఏర్పాటు చేయుదురు. తాలూకా కోర్టు ఆవరణలోనే న్యాయసేవల సంఘము కార్యాలయ ముండును. తెల్లకాగితముపై దరఖాస్తు వ్రాసిన చాలును. ఆ యూరి ఆడపడుచయినను, ఈ యూరి కోడలయినను, కూలికి పోవునదియైనను, పంతులమ్మయైనను ఆ హక్కు ఉన్నది. ఇంటివారు రాజీపడదలచినచో లోక్ అదాలతునందు పరిష్కారము చేసికొనవచ్చును. అచ్చటి నిర్ణయము కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. వ్యాజ్యము కోర్టులో ఉండగా రాజీయైనచో కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. అప్పీలు లేదు గనుకనే, అక్కడ సంతకము చేయుటకు ముందు ఎవరి పక్షపు వకీలు వారికి చదివి చెప్పవలెను.

రుసుము సంగతి. వకీలుగారిని రుసుమెంత యని అడుగుటకు మనవారు సిగ్గుపడుదురు. ఎడ్లు కొనునప్పుడు పడరు. ఆయన రుసుము వేఱు, కోర్టు రుసుము వేఱు, స్టాంపు, రిజిష్ట్రేషను ఖర్చులు వేఱు, గుమాస్తా ఖర్చు వేఱు. వేనికెంతయో విడివిడిగా వ్రాయించుకొనుడు. ఇచ్చినప్పుడెల్ల రసీదు అడుగుడు. మంచి వకీలు దీనికి కోపపడడు. కక్షిదారు సొమ్మునకు లెక్క వ్రాయుట ఆయన వృత్తినియమములలోనిదే. 'గెలిచినచో పదిసెంట్లు నాకు వ్రాయుడు, ఇప్పు డేమియు వలదు' అనువానిని దూరమునుండి నమస్కరింపుడు. ఫలితమునుబట్టి రుసుము నిర్ణయించుటయు, వచ్చిన ఆస్తిలో వాటా పుచ్చుకొనుటయు బార్ కౌన్సిలు నియమములు నిషేధించినవి. బాకీ రుసుము చెల్లించువఱకు మీ కట్ట ఇయ్యననుటకు వకీలునకు హక్కు లేదని 2000 సంవత్సరమున సుప్రీముకోర్టు చెప్పినది. రుసుముకొఱకు ఆయన వేఱుగా దావా వేసికొనవచ్చును. ఖాళీ వకాలతుపై సంతకము చేయకుడు. అసలు దస్తావేజులు ఇంట నుంచి నకళ్ళే యిండు. అసలు ఇయ్యవలసివచ్చినచో ఏవేవి యిచ్చినదియు వ్రాయించుకొనుడు.

వీలునామాలో నిర్వాహకుడుగా పేరున్నవారికి ఒక్క మాట, అది నా వృత్తికి ప్రీతియైన మాట. కోర్టునుండి ప్రొబేటు పొందిన నిర్వాహకుడు ఆరు నెలలలో ఆస్తి పట్టీయు, ఏడాదిలో జమాఖర్చును కోర్టున దాఖలు చేయవలెనని 1925 నాటి చట్టము చెప్పుచున్నది. చెల్లింపుల వరుసయు అందే కలదు. మొదట అంత్యక్రియలు, మంచమున నున్ననాటి వైద్యపు ఖర్చులు. తరువాత కోర్టు ఖర్చులు. ఆ తరువాత, మరణమునకు ముందు మూడునెలలలో పనిచేసిన కూలివానికి, చేతిపనివానికి, ఇంటి పనివానికి చెల్లవలసిన జీతము. పిదప ఇతర అప్పులు. అప్పులు తీరిన పిదపనే వీలునామాలో పేరున్నవారు. రుద్రుని భాగము మొదట తీయుటయనగా నాకు ఇదియే. బ్యాంకు బాకీకంటెను ముందు కూలివాని జీతమును నిలిపిన ఆ సెక్షనును చదివిననాడు, ఆ రాత్రి భాగవతము తెఱువక దానినే రెండుమారులు చదువుకొంటిని.

ఇంతకును వకీలుగారి గది గడప తొక్కుటకు ముందు మన చేతిలో ఉండవలసినది ఒక పట్టీ. గతించినవారి పేరు, మరణించిన తేది; ఆనాటికి బ్రతికియున్న దగ్గఱివారందఱును, అరుగుమీద నున్నవారును, అమెరికాలో నున్నవారును; ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణము, ఎట్లు వచ్చినది; ఎవరికి ఎంత బాకీ, ఎవరినుండి ఎంత రావలెను; ఏ బ్యాంకు, ఏ భీమా. బంగారము వ్రాయుటకు ఆడువారు వెనుదీయుదురు. వ్రాయకపోయినచో తగవు అక్కడనుండియే మొదలగును. పట్టీ లేక పోయినవానికి వకీలుగారు మొదటి నెలయంతయు పట్టీ వ్రాయుచుందురు, దానికి రుసుము మీరు కట్టుదురు.

ఆ పట్టీ నేను వ్రాసిపెట్టగలను. వచ్చు ఆదివారమునుండి ప్రతి ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు ఈ గ్రంథాలయపు వెనుక గదిలో కూర్చుందును. కార్యవర్గమువారు అంగీకరించిరి. సలహా చెప్పను, నేను వకీలును గాను. వ్రాసిపెట్టుటకు రుసుమును పుచ్చుకొనను. దస్తావేజుల నకళ్ళు తెండు, అసలు తేకుడు. అన్నదమ్ములు వచ్చినచో అక్కచెల్లెండ్లకును కబురు చేసి రండు. కళ్ళజోడు మఱవకుడు, ఆ గదిలోని దీపము వెలుగు చాలదు, దానిని మార్పించుమని కార్యదర్శిగారికి మూడు మారులు చెప్పియున్నాను.